సాక్షుల బెంచీ

“ఏ మొహం పెట్టుకుని వచ్చావు నువ్వు?”

బస్సు డ్రైవరు గొంతు కోర్టు వరండా అంతా మోగింది. ఎదురుగా ముసలావిడ గోడకు అంటుకుపోయింది. తనను కాదన్నందుకు డ్రైవరు చెల్లెలిని గొంతు నులిమి చంపినవాడికి ఆవిడ తల్లి.

“వాడికి తిండి డబ్బా తెచ్చావా? నా చెల్లెలికి ఎవరు తెస్తారు?”

బంట్రోతు కుర్చీలోంచి లేచాడు. అంతలో బెంచీ మీదున్న దర్జీ ఆవిడ వచ్చి డ్రైవరు చెయ్యి పట్టుకుంది.

“రా బాబూ. ఇలా అరిస్తే నిన్ను బయటికి గెంటుతారు. అప్పుడు లోపల నీ చెల్లెలి తరఫున ఉండేదెవరు?”

అతను పళ్ళు నూరుకుంటూ వచ్చి కూలబడ్డాడు. వాయిదాల రోజున ఈ బెంచీ మీద కలవడం తప్ప ఆవిడ గురించి అతనికి పెద్దగా తెలియదు. ఆవిడ చిన్న కొడుకుని ఇంట్లోనే పొడిచి చంపారని, కళ్ళారా చూసింది ఆవిడొక్కతేనని బంట్రోతు చెప్పగా విన్నాడు.

“ఇవాళ కూడా వాయిదాయేనట,” అన్నాడు డ్రైవరు. “వాళ్ళ లాయరు రాలేదు. సెలవు పెట్టుకుని రావడం, మొహం వేలాడేసుకుని పోవడం. ఇక్కడ చచ్చింది మనిషని ఒక్కడికీ గుర్తులేదు.”

“ఏమైనా తిన్నావా?”

“ఆకలెక్కడేస్తుందండీ.”

“వెయ్యకపోయినా తినాలి. పై వాయిదాకీ ఇలా ఖాళీ కడుపుతో వెళితే ఆ లాయరు నోరు తెరవగానే కళ్ళు తిరుగుతాయి.”

“పోయినసారి ఏమడిగాడో తెలుసా? మీ చెల్లెలు ఎవరెవరితో తిరిగేదని. కాలరు పట్టుకుని ఈడ్చాలనిపించింది.”

“నాకూ అనిపించింది. అతను అడిగినా అతన్ని చూడకు, జడ్జిగారిని చూసి చెప్పు. తెలిసింది చెప్పు, తెలియనిది తెలియదను. ఫొటోలు చూపించే రోజు ఎప్పుడో గవర్నమెంటు లాయరుని ముందే అడుగు. ఆ రోజు మీ అమ్మని తీసుకురావద్దు.” “నాకెవరూ చెప్పలేదు. నా బిడ్డ ఫొటో నా చేతికిచ్చి, ఇతనేనా అన్నారు. పక్కన ఒకాయన ఆవులించాడు.”

“వాణ్ణి చూస్తే మీకు రక్తం మరగదా?”

“గోడకంటిన రక్తం కడిగింది నేనే బాబూ. ఎందుకు మరగదు?”

పక్క కోర్టు గుమ్మంలోంచి పిలుపు వచ్చింది. ఆవిడ లేచి వెళ్ళింది. మూసిన తలుపు వెనక లాయరు గొంతు లేస్తూనే ఉంది. ఆవిడ గొంతు మాత్రం వినపడలేదు.

ఆవిడ తిరిగొచ్చి బెంచీ మీద కూర్చుంది. డ్రైవరు మంచినీళ్ళ సీసా అందించాడు.

“ఏం చెప్పారు?”

“చూసింది చెప్పాను. కత్తి ఎవరి చేతిలో ఉందో వేలెత్తి చూపించాను. చీకట్లో పొరబడ్డావేమో అన్నాడు. లైటు వెలుగుతూనే ఉందన్నాను. ఒక్క మాట తడబడితే చాలు, వాడు బయటికొచ్చేసేవాడు.”

“తడబడలేదుగా?”

“లేదు.”

ఆ కోర్టులోంచే ఇద్దరు పోలీసులు ముద్దాయిని బయటికి తెచ్చారు. పాతికేళ్ళవాడు. బెంచీ దగ్గర వాడి నడక మందగించింది. పోలీసొకడు వాడి వీపు మీద చెయ్యేసి తోశాడు. డ్రైవరు పిడికిలి బిగించి లేవబోతే దర్జీ ఆవిడ అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

“మీరే నయమండీ,” అన్నాడు డ్రైవరు, గోడ దగ్గరి ముసలావిడ వైపు చూపు విసిరి. “మాకు ప్రతి వాయిదాకీ ఆ ఏడుపు మొహం చూడాల్సిన ఖర్మ. వీడి కోసం కన్నతల్లి కూడా రాలేదు.”

దర్జీ ఆవిడ మెట్లు దిగిపోతున్న వాడి వీపునే చూస్తోంది.

“వచ్చానుగా.”