గున్నకి ఆరేళ్లు

బేకరీ ఓనరుకి ఒళ్లు మండిపోయింది.

మండదూ మరి! సాయంత్రం నాలుగు గంటలు. అద్దాల అలమరా ముందు పది మంది నిలబడి ఉన్నారు. అంతమంది ఎదుట ఆ పెద్దావిడ కేకు డబ్బా తెచ్చి, బల్ల మీద దబ్బున పెట్టి, మూత తీసి, "ఏంటండీ ఇది?" అని నిలదీసింది.

ఆవిడ పక్కనే కొత్త చొక్కా వేసుకున్న బొద్దు పిల్లాడొకడు ఆ డబ్బా అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. వదలమంటే వదలడు.

ఆవిడంటే మాటలు కాదు. ఆవిడ కొడుకు ఆఫీసుకి రోజూ టీ టైముకి రెండొందల బన్నులు వెళ్లేది ఈ బేకరీ నుంచే. ఆవిడ 'ఊఁ' అంటే ఆ ఆర్డరు ఉంటుంది, 'ఉహూఁ' అంటే రేపటి నుంచి ఊడుతుంది.

ఓనరు డబ్బాలోకి తొంగిచూశాడు.

ఆర్డరు చీటీ ఆయన చేత్తో రాసిందే. ఆవిడ ఫోన్లో చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. తెల్ల కేకు. పైనంతా జీడిపప్పు. చుట్టూ గులాబీలు. మధ్యలో మనవడి పేరు, ఇంటిపేరుతో సహా. తీరా డబ్బాలో ఉన్నదేమో నల్లటి చాక్లెట్ కేకు. జీడిపప్పు మచ్చుకైనా లేదు. గులాబీల ఊసే లేదు. మధ్యలో ఓ ఏనుగు పిల్ల తొండం ఎత్తి నిలబడింది. దాని కింద, 'గున్నకి ఆరేళ్లు' అని రాసి ఉంది.

గున్న! ఓనరు పిల్లాడి బుగ్గలు చూశాడు, పొట్ట చూశాడు. ఇంకేం, కొంప మునిగింది. కాస్త ఒళ్లున్న పిల్లాణ్ణి పట్టుకుని, పుట్టినరోజు పూట ఏనుగు పిల్లవని రాస్తే ఏ నాన్నమ్మ ఊరుకుంటుంది?

"ఎవరు రాశారిది? పిలవండి బయటికి. ఆ మొహం చూడాలి నేను," అంది పెద్దావిడ.

"నాకు ఇదే కావాలి," అన్నాడు పిల్లాడు.

"నువ్వు నోర్ముయ్!"

"ఎవరు చేశారు నాన్నమ్మా? చెప్పు, ఎవరు చేశారు?"

"చూశారా? ఇంట్లోనూ ఇదే గోల. కొయ్యనివ్వడు, వదలడు, ఎవరు చేశారో చూస్తానని నా వెంట పడ్డాడు. అవతల చుట్టాలంతా వచ్చి కూర్చున్నారు!"

"ఒక్క నిమిషం అమ్మా. దాని సంగతి ఇప్పుడే తేలుస్తాను," అంటూ ఓనరు విసవిసా లోపలికి నడిచాడు.

కేకుల మీద క్రీముతో పూలూ పేర్లూ వేసేది ఒక్క అమ్మాయే. చేరి పది నెలలైంది. మాట తక్కువ. చెయ్యి మాత్రం బంగారం. ఇన్నాళ్లలో ఒక్క అక్షరం తప్పు రాయలేదు. అందుకే ఆయనకు సంగతి ఇట్టే అర్థమైపోయింది. ఇది పొరపాటు కాదు, కక్ష. వారం కిందట వచ్చి, సరిగ్గా ఈ ఒక్క రోజు సెలవు కావాలంది. మూడు పుట్టినరోజు కేకులున్నాయి, కుదరదు పొమ్మన్నాడు. అప్పుడు కిమ్మనలేదు. ఇవాళ పొద్దున ఈ చీటీ తనే అడిగి తీసుకుని, తిండి కూడా తినకుండా, ఇంకొకళ్లని చెయ్యి వెయ్యనివ్వకుండా చేస్తుంటే, పాపం పనంటే ఎంత శ్రద్ధో అని మురిసిపోయాడు కూడా. తన తెలివి తగలెయ్య!

ఆ అమ్మాయి పొయ్యి పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చేతులకి ఇంకా క్రీము అంటుకునే ఉంది.

"సెలవివ్వలేదని ఇంత కసా నీకు? నా నోటి దగ్గర కూడు తన్నేస్తావా?"

"కసి కాదు సార్."

"మరి ఆ ఏనుగేంటి? గున్న ఏంటి? పోనీ జీడిపప్పేం చేశావ్, బొక్కావా?"

"వేస్తే ఏరి పారేస్తారు సార్, పిల్లలు."

"చీటీలో ఉన్నది చెయ్యడం నీ పని. పిల్లల మనసులో ఏముందో నీకెందుకు? పద, ఆవిడ కాళ్లు పట్టుకుని క్షమాపణ చెప్పు."

"నేను రాను సార్."

"ఏంటీ?"

"ఉద్యోగంలోంచి తీసెయ్యండి. ఈ నెల జీతం కూడా ఇవ్వకండి. బయటికి మాత్రం రాను. ఆ కేకు వెనక్కి తీసుకోకండి సార్, అంతే."

ఎంత పొగరు! చేసింది వెధవ పని, పైగా షరతులొకటి! పది నెలలుగా నీడపట్టున ఉంచి పని ఇచ్చినందుకు ఇదా మర్యాద? ఓనరు ముక్కుపుటాలు అదిరాయి.

"తీసెయ్యక నెత్తిన పెట్టుకుంటానా? ఇవాళే నీకు ఆఖరు. రానన్నావుగా, ఉండు, ఆవిడకే చూపిస్తా నిన్ను!"

ఒక్క విసురుతో తలుపు బార్లా తెరిచాడు.

"అమ్మా, ఇదిగో! మీ వాణ్ణి గున్న అన్న మహాతల్లి ఈవిడే!"

ఇక తిట్ల వర్షం కురుస్తుందని ఎదురుచూశాడు. ఒక్క తిట్టూ రాలేదు. పెద్దావిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. గబుక్కున మనవడి కళ్లు మూయబోయింది. వాడు ఆ చెయ్యి విదిలించుకుని, తలుపులోంచి లోపలికి ఒకసారి చూసి, తలెత్తి అడిగాడు.

"నాన్నమ్మా, అమ్మ చచ్చిపోయిందన్నావు కదా, మరి ఇక్కడ కేకులు చేస్తోందేంటి?"