ఇల్లివ్వరాని మనిషి

అద్దె ఇళ్ళను చూసుకునే మిషన్లకు జాలి నేర్పినవాడెవడో గానీ, ఓనర్ల కొంప ముంచాడు. కావలి చెంచురామయ్యకు అందులో అనుమానం లేదు. ఆయన నాలుగు పోర్షన్లకు మేనేజరుగా ఉన్న మిషన్, వద్దన్నా వినకుండా పెళ్ళికాని లైన్‌మాన్ మాల్యాద్రికి మేడమీది గది ఇచ్చింది. ఆయన మాల్యాద్రిని వెళ్ళగొట్టి, మిషన్ను కూడా పీకించాడు.

కొత్తదాని కోసం మూడింటిని తెప్పించి వరండాలో వరసగా పెట్టాడు.

"ఒంటరి మగాడొచ్చి గది కావాలని బతిమాలితే ఏం చేస్తారు?"

"కూర్చోబెట్టి మాట్లాడతాను" అంది మొదటిది.

"మిమ్మల్ని అడుగుతాను" అంది రెండోది.

"ఇవ్వను. ముందే ఉన్నా ఖాళీ చేయిస్తాను" అంది మూడోది.

చెంచురామయ్య మురిసిపోయి దాన్నే గోడకు బిగించాడు.

మర్నాడు పొద్దున్నే అది ఆయన్ను లేపింది.

"ముందు పోర్షన్లో ఒంటరి మగమనిషి ఉన్నారు. నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి."

"ఒసే, నేను ఓనర్నే!"

"ఓనరైతే ఉండొచ్చని మీరు చెప్పలేదండీ."

పక్క పోర్షన్ మస్తానమ్మ బియ్యం ఏరుతూ పగలబడి నవ్వింది. "ఏంది మామా, టులెట్ బోర్డు నన్ను కట్టమంటావా?"

ఆయన భార్య ఆదెమ్మ పోయి ఆరేళ్ళు. తానూ ఒంటరి మగాడేనని చెంచురామయ్యకు ఒక మిషన్ చెబితే గానీ తట్టలేదు. ఆ పూటే మిషన్లోంచి ఒంటరి మగాళ్ళకు ఇవ్వరాదన్న షరతు కొట్టేయించాడు. మాల్యాద్రిని తానే వెతికి తెచ్చి, గది తాళం చేతిలో పెట్టాడు.

"మనసెందుకు మారింది పెద్దాయనా?"

"ఆ ఊసెత్తావంటే మళ్ళీ ఖాళీ చేయిస్తా."

చెంచురామయ్య ఆ సంగతి తర్వాత ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇక ఎత్తడు కూడా.