రెండంగుళాల తేడా

"సార్, ఎడమ పక్క పెడల్ కడ్డీ మాత్రం మార్చబాకండి."

మధుబాబు చేతిలో స్పానర్ ఆగింది.

తలెత్తి చూశాడు. ఇంటి గేటుకు ఛాతీ ఎత్తు దాకా రేకు కొట్టి ఉంది. రేకు పైన ఒక నెరిసిన తల, రెండు చేతులు. మనిషికి అరవై ఏళ్ళుండొచ్చు.

"ఎవరు మీరు?"

"హజరత్తయ్య అంటారు. జువ్వలదిన్నె. ఫోన్లో ఈ సైకిలు ఫొటో చూసి వచ్చినా."

జువ్వలదిన్నె అనగానే మధుబాబు జాగ్రత్తపడ్డాడు. ఈ సైకిలును కొన్నది ఆ ఊరి హార్బరు పక్కనే, పాత ఇనుము కొట్లో.

ఎద్దు కొమ్ముల్లా పైకి లేచిన హ్యాండిల్. అరటిపండులా వంగిన పొడుగు సీటు. ముందు చక్రం చిన్నది, వెనక చక్రం పెద్దది. పైగొట్టం మీద కారుకున్నట్టు గేరు. నలభై ఏళ్ళ కిందట మోటారు సైకిలు కొనలేని కుర్రాళ్ళు కలలుగన్న బండి.

బుచ్చిరెడ్డిపాలెంలో మధుబాబుకు రైసుమిల్లు ఉంది. పిచ్చి మాత్రం ఇలాంటి సైకిళ్ళ మీదే. ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఈ బండిని ఆరు నెలలుగా గీకి, రుద్ది, రంగేసి నిలబెట్టాడు. ఆదివారం నెల్లూరులో పాత సైకిళ్ళ పోటీ. మూడేళ్ళుగా తనకు రెండో బహుమతే వస్తోంది. ఈసారి మొదటిది కొట్టి తీరాలి.

మిగిలిన లోపం ఒక్కటే. ఎడమ పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ కుడిదానికన్నా రెండంగుళాలు పొట్టి. ఎవరో కోసి, మళ్ళీ అతికించారు.

"ఎందుకు మార్చకూడదు?"

హజరత్తయ్య చూపు కిందికి దించుకున్నాడు. "అది అట్లనే ఉండాల సార్. చెప్తే పెద్ద కత..."

"కత చెప్పి, బండి మీదేనంటారా?"

పాత సైకిలు కొంచెం మెరిసిందంటే చాలు, మాదేనంటూ ఎవరో ఒకరు వస్తారు. పోయినేడు అలా వచ్చిన ఒకాయన్ని లోపలికి పిలిచి టీ ఇస్తే, టీ తాగి నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. అప్పటినుంచి మధుబాబు ఎవరికీ గేటు తీయడు.

"అయ్యో, మీరు కొనుక్కున్నారు. మీదే. ఒక్కసారి ఎక్కి, ఆ మలుపు దాకా తొక్కి, తెచ్చి ఇచ్చేస్తా."

"మీ ఊళ్ళో సైకిళ్ళు లేవా?"

"ఉండాయి. నాకు పనికొచ్చేది ఇదొక్కటే."

మధుబాబుకు నవ్వొచ్చింది. "పిచ్చి నాకొక్కడికే అనుకున్నా! పోటీ అయ్యేదాకా దీన్నెవరూ ముట్టుకోకూడదు పెద్దాయనా. సోమవారం రండి."

"వస్తా సార్. కడ్డీ మాత్రం..."

"చూస్తాలే."

మధుబాబు మళ్ళీ బండి మీదికి వంగాడు. భార్య భానుప్రియ టీ తెచ్చేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు.

"అంత దూరం నుంచి వచ్చినాయన్ని లోపలికి రమ్మనలేదేంది?"

"రమ్మంటే బండెక్కి కూర్చుంటాడు."

"కూర్చుంటే అరిగిపోద్దా?"

మధుబాబు స్పానర్ అందుకున్నాడు. మరునాడే, చెన్నై నుంచి తెప్పించిన జత కడ్డీలు బిగించాడు. రెండూ ఒకే కొలత.

శుక్రవారం వీధుల్లో పాత ఇనుము కొనే ఆదెయ్య వచ్చాడు. పొట్టి కడ్డీని చేత్తో పైకెత్తి చూశాడు.

"ఇదేంది సార్, ఇట్లా కోసుండారు?"

"ఎవడో పని తెలియనోడు. పారెయ్."

ఆదివారం పోటీలో న్యాయనిర్ణేత పరంజ్యోతి గారు సైకిలు చుట్టూ మూడుసార్లు తిరిగారు. పెడళ్ళు తిప్పి చూశారు.

"పనితనానికి వంక పెట్టలేం మధుబాబూ. మరి ఇదేంది?"

ఆయన వేలు ఫారంలో ఒక గడి మీద ఆగింది. 'మొట్టమొదట తొక్కిన మనిషి.' దానికెదురుగా ఖాళీ.

"తెలియలేదు సార్. పాత ఇనుము కొట్లో అడిగినా."

"బండికి మనిషి లేకపోతే అది ఇనుమే కదయ్యా."

మళ్ళీ రెండో బహుమతే.

సోమవారం పొద్దున్నే గేటు మీద అదే నెరిసిన తల. ఈసారి ఇస్త్రీ చొక్కా. తల నున్నగా దువ్వి ఉంది.

మధుబాబుకు ఎవరితోనూ మాట్లాడాలని లేదు. అయినా ఇచ్చిన మాట. గేటు తీసి సైకిలును బయటికి నడిపించుకొచ్చాడు.

హజరత్తయ్య గేటు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లుంగీ నేలను తాకుతోంది. సీటును అరచేత్తో నిమిరాడు. గేరు తడిమాడు. ఆ చెయ్యి కిందికి దిగి ఎడమ పెడల్ దగ్గర ఆగిపోయింది.

"మార్చేసినారా."

అడిగినట్టు లేదు.

"రెండూ సమానం చేసినా. ఇప్పుడు చూడండి ఎంత అందంగా ఉందో. ఎక్కండి."

"ఆ పాతది ఉండాదా సార్?"

"పాత ఇనుములో వేసేసినా. ఈపాటికి కరిగిపోయుంటుంది."

హజరత్తయ్య పెడల్‌ను ఒకసారి వెనక్కి తిప్పి వదిలాడు.

"మా నాయన పడవల ఇంజన్లకి వెల్డింగ్ చేసేవోడు. మూడు కడ్డీలు పాడుచేసి, నాలుగోది కుదిర్చినాడు." మాట అక్కడే ఆపేశాడు. "రంగు బాగా వేసినారు సార్. అచ్చం ఆ రంగే."

"ఇంత దూరం వచ్చి ఎక్కరా?"

"వద్దులే నాయనా. చూసినా కదా. చాలు."

స్తంభం వదిలి రోడ్డు మీదికి నడిచాడు.

ఆ మనిషి నడుస్తుండగా మధుబాబు చూడటం అదే మొదటిసారి.

పిలవబోయాడు. పిలిచి ఏమివ్వాలో తెలియలేదు.

ఎడమ అడుగు పడిన ప్రతిసారీ సరిగ్గా రెండంగుళాలు కిందికి దిగుతూ, ఆ సైకిలును మొట్టమొదట తొక్కిన మనిషి మలుపు తిరిగిపోయాడు.