తూముకి రెండు పలకలు

"పెద్దమ్మా, కర్రతో ఏం వెతుకుతున్నావు? ఉంగరం గానీ పడిపోయిందా?"

చెరువు అధికారి నవ్వుతూనే అడిగాడు. అతను కొత్తగా వచ్చి వారమైంది.

చూపు ఆనని ఆ ముసలావిడ కర్రను నీళ్లలోంచి తీసి, తడి ఎంతవరకూ పాకిందో వేలితో తడుముకుంది.

"నీళ్లు ఎక్కువున్నాయి నాయనా. తూముకి అడ్డేసిన పలకల్లో రెండు తీసెయ్. వలస పిట్టలొచ్చే వేళయింది."

"మరి పడవలు బురదలో తిరగాలా?"

"పడవలకి అవతల లోతుందిగా. ఇవతల బురద తేలితేనే పిట్టలు దిగుతాయి. వాటి కాళ్లు జానెడు కూడా ఉండవు."

అతను ఆ మాట పట్టించుకోలేదు. కాలుజారి పడితే ఎవరు జవాబు చెప్పాలని కాపలా మనిషికి చెప్పి, ఆవిణ్ణి ఇంటికి పంపించేశాడు.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. నాలుగోరోజు గట్టుకి గేటు పెట్టించి తాళం వేశాడు.

అతని గుబులు అతనిది. ఈ ఏడాది పిట్టలు దిగకపోతే, పక్కనున్న పచ్చికతో సహా చెరువంతా పడవల కంపెనీకి ఇచ్చేస్తామన్నారు పైవాళ్లు. ఇక్కడ నీళ్లు చూసిన పాత తూము మనిషి ఎక్కడున్నా పంపించమని అప్పటికే ఉత్తరం రాశాడు.

పిట్టలు వచ్చాయి. మూడుసార్లు చుట్టూ తిరిగి, పైకి లేచి వెళ్లిపోయాయి.

గేటు బయట ముసలావిడ చెవి ఒగ్గి నిలబడి ఉంది.

"దిగలేదు కదూ?"



మర్నాడు ఆవిడ రాలేదు. కర్ర మాత్రం గేటుకి కట్టి ఉంది. దాని అడుగున చిన్న గాటు. వేలు పెడితే నున్నగా అరిగిపోయి తగిలింది.

అతను కర్రను నీళ్లలో పెట్టి చూసుకుంటూ పలకలు తీశాడు. గాటు దగ్గరికి నీళ్లు దిగేసరికి సరిగ్గా రెండు పలకలు.

మూడోరోజు పొద్దున బురద మీద కాలు పెట్టే చోటు లేదు. అన్నీ పిట్టలే.

చెబుదామని ఆవిడ ఇంటికి పరిగెత్తాడు. తాళం. కూతురొచ్చి తనతో తీసుకెళ్లిపోయిందట. ఏ ఊరో పక్కింటివాళ్లకి తెలీదు.

తిరిగొచ్చేసరికి బల్ల మీద పైవాళ్ల జవాబు ఉంది.

"మీరడిగిన తూము మనిషిని మేం పంపనక్కర్లేదు. ముప్పై ఏళ్లు ఆ నీళ్లు చూసినావిడ, చూపు తగ్గి ఉద్యోగం మానినా, రోజూ కర్ర పట్టుకుని మీ గట్టు మీదికే వస్తుంది. ఓ మాట అడగండి చాలు."