గుర్రం పాఠం

“మా అక్క పెట్టిన పూల చొక్కా ఉండగా ఈ నల్లచొక్కా ఎందుకండీ?”

“పువ్వులుంటే పిల్లల చూపు చెదురుతుంది,” అన్నాడు కొత్త పెళ్ళికొడుకు. వేలి ఉంగరం కూడా తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెళ్ళయి నెల తిరక్కుండానే ఉంగరం తీయడమేమిటని ఆమె మూతి ముడిచింది. ముడుస్తూనే, ఇంకా వెచ్చగా ఉన్న ఆ ఉంగరాన్ని తన బొటనవేలికి తొడుక్కుని మురిసిపోయింది.

ఆ రోజు పాఠంతోనే అతని ఉద్యోగం ఉండడమో ఊడడమో తేలాలి. ఈ పిల్లలకు నాలుగు ఇంగ్లీషు మాటలు వస్తే గొప్ప, జాతీయాలు ఎక్కడ తలకెక్కుతాయని హెడ్మిస్ట్రెస్ వాదన. ఎక్కుతాయని ఇతను పట్టుబట్టాడు. అయితే ఎక్కించి చూపించు, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామని ఆవిడ ఖరాఖండీగా చెప్పేసింది.

పాఠం చూడ్డానికి అతని వెంట వచ్చిన భార్య చివరి వరుసలో హెడ్మిస్ట్రెస్ పక్కనే ఒదిగి కూర్చుంది.

అతను బోర్డు మీద ‘హార్స్’ అని రాశాడు. రాసి, తానే గుర్రమైపోయాడు. జూలు విదిలించాడు, గిట్టలతో నేల దువ్వాడు. మరుక్షణం వడ్రంగిగా మారి, చెక్క కోసుకునే కొయ్యగుర్రాన్ని గాలిలోనే నిలబెట్టాడు. ఎవరూ లెక్కలోకి తీసుకోని వాడు పందెం గెలిస్తే నల్లగుర్రమట. గొప్పలు పోయేవాడు ఎత్తు గుర్రమెక్కిన వాడట. గుర్రాన్ని చూస్తే కాళ్ళనొప్పులన్న మన సామెతకు ఓ కుంటినడక కూడా నడిచాడు. తొందరపడేవాళ్ళను కాస్త ఆగమనడానికి ‘హోల్డ్ యువర్ హార్సెస్’ అని రాసి, పగ్గాలు బిగించి లాగాడు.

పొద్దున గ్లాసు అందుకోబోయి పాలు ఒలకబోసిన చేతులేనా ఇవి! ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఆ మైమరపులో ఒళ్ళోని స్టీలు సీసా జారి ధడేలున పడింది. హెడ్మిస్ట్రెస్ ఉలిక్కిపడి గుడ్లురిమింది. పిల్లల్లో ఒక్క తలా ఇటు తిరగలేదు. ఒక్క రెప్పా వాలలేదు.

పీరియడ్ అయినట్టు గోడ మీది ఎర్రబల్బు వెలిగింది. హెడ్మిస్ట్రెస్ లేచి, ముఖంలో ఏ భావమూ లేకుండా తలుపు వైపు నడిచింది. ఉద్యోగం ఊడినట్టేనని కొత్త పెళ్ళికూతురు బొటనవేలి ఉంగరాన్ని బిగించి పట్టుకుంది.

అంతలో ముందు వరుసలోని రెండుజడల పిల్ల పరిగెత్తుకెళ్ళి ఆవిడ చెంగు పట్టుకుని ఆపింది. సుద్దముక్కతో బోర్డు మీద ‘మేడమ్, హోల్డ్ యువర్ హార్సెస్’ అని రాసి, రెండు పిడికిళ్ళూ వెనక్కి లాగింది.

ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కొత్త పెళ్ళికూతురి వైపు తిరిగింది.

“గుర్రాల్ని ఆపానమ్మా. మీ ఆయన్ని మాత్రం ఇక వదిలేది లేదు,” అని పిల్లల వైపు బొటనవేలు ఎత్తి చూపింది.

పిల్లలందరూ చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి, గాలికి ఊగే ఆకుల్లా వేళ్ళు ఆడించారు. పెళ్ళికూతురు చివాలున లేచింది. కుర్చీ వెనక్కి పడి గదంతా మారుమోగింది. మళ్ళీ చప్పుడు చేశానని నాలుక కరుచుకోబోయి, తనలో తానే నవ్వుకుంది.

ఆ పిల్లలెవరికీ చెవులు వినబడవు.