నాన్న చేతికర్ర

"ఆ కర్రతోనే తాతయ్య చిరుతపులిని తరిమాడు. నాన్న నాకు నూరుసార్లు చెప్పాడు. అది నాకే రావాలి," అన్నాడు అన్న.

"పులెక్కడిది? నాన్నమ్మకు చూపు పోతే, ఒక కొస ఆవిడకిచ్చి, రెండో కొస తను పట్టుకుని బతికినన్నాళ్లూ నడిపించాడు తాతయ్య. నాన్న నాకు చెప్పింది ఇదీ," అన్నాడు తమ్ముడు.

తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకున్నారు. పేచీ రాలేదు. చేతికర్ర దగ్గర మాత్రం పీటముడి పడింది. తీర్పు చెప్పమని మేనత్తను పిలిచారు.

మేనత్త మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"మీ తాతయ్య కుక్క మొరిగితే మంచమెక్కేవాడు. మీ నాన్నమ్మ పోయేదాకా సూదిలో దారం తనే ఎక్కించుకుంది. ఆ కర్ర, మీ నాన్నకు కాలు బెణికితే నేను బజార్లో కొన్నది."



"మరి మాకెందుకలా చెప్పాడు?" అన్నాడు తమ్ముడు.

"వీడు చీకటంటే వణికేవాడు. నువ్వేమో వెనక ఎవరొస్తున్నారో, ఎవరు పడ్డారో చూడకుండా ముందుకు పరిగెత్తేవాడివి. ఎవరికి పనికొచ్చేది వాళ్లకు చెప్పాడు."

అన్న కర్రను తమ్ముడి వైపు జరిపాడు. తమ్ముడు మళ్లీ అన్న వైపు జరిపాడు.

"ఎవరికీ వద్దా? అయితే నాకివ్వండి. మోకాళ్ల నొప్పి," అంటూ మేనత్త దాన్ని ఊతగా పట్టుకుని లేచింది.

తమ్ముడు ఆమె చేతిసంచీ అందుకుని వెంట బయలుదేరాడు. బస్టాపు వీధి చివరే. ఆమె ఆగినప్పుడల్లా తానూ ఆగుతూ, ఆమె వెనకాలే నడిచాడు.