మీటరమ్మ ఫెర్రీ ఎక్కింది

ఫెర్రీ కదలగానే మీటరమ్మ రెయిలింగును రెండు చేతులా వాటేసుకుంది.

"వచ్చే రేవులో దిగిపోదాం," అంది, కళ్ళు మూసుకునే.

భర్త నీరుగారిపోయాడు. ఊరంతా నీళ్ళ మీంచి చూపిద్దామని పెళ్ళైన కొత్తలోనే టికెట్లు కొంటే, ఆవిడ గట్టు మీంచే వెనక్కి తిరిగింది. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగంలో ఊళ్ళో ఆవిడ ఎక్కని మెట్టు లేదు. అందుకే అందరికీ మీటరమ్మ అయింది. నీళ్ళంటే మాత్రం చచ్చేంత భయం. రిటైరయ్యాక బతిమాలి బామాలి ఎక్కించాడు. ఇప్పుడు దిగిందంటే ఇక ఈ జన్మకి ఎక్కదు.

"కాస్త చుట్టూ చూడవే."

"చూస్తే పోతాను. మీరొక్కరే ఇంటికెళ్ళాలి."

ఇంతలో టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకాయన వచ్చి ఎదురు బల్ల మీద కూర్చున్నాడు.

"ఆ ఎర్ర మేడ చూశారా? జైలు," అన్నాడు గట్టిగా.

మీటరమ్మ ఒక కన్ను తెరిచింది.

"జైలేంటండీ? ఆడపిల్లల హాస్టలు. మీటరు మెట్ల కింద ఉంటుంది. వెళ్ళినప్పుడల్లా నెత్తి బొప్పి కట్టేది."

"నాకు తెలుసులేమ్మా. ఆ గడియారం ఉన్నది నీళ్ళ ట్యాంకు."

రెండో కన్ను కూడా తెరుచుకుంది.

"నీళ్ళ ట్యాంకుకి గడియారం ఎందుకండీ?"

"నీళ్ళు ఏ టైముకి వదలాలో తెలియొద్దూ?"

పడవ రేవులో ఆగింది. భర్త ఉసూరుమంటూ లేచాడు.

"మీరు కూర్చోండి. ముందు ఈయన సంగతి తేల్చాలి," అంది మీటరమ్మ.

తర్వాత ముసలాయన ఆసుపత్రిని పట్టుకుని సినిమా హాలన్నాడు. మీటరమ్మ లేచి నిలబడింది.

"నా పిల్లలిద్దర్నీ అక్కడే కన్నాను. సినిమా చూస్తూ కన్నానంటారా?"

భర్త నవ్వాపుకోలేక దగ్గాడు. నది నీళ్ళు ఎగిరి ఆవిడ మొహాన పడ్డాయి. చేత్తో తుడుచుకుని, ఏ మేడ ఎవరిదో, ఎవరింట్లో కుక్క కరుస్తుందో, గట్టంతా చెయ్యి ఊపుతూ చెప్పింది.

చివరి రేవులో ముసలాయన లేచాడు.

"తెలియకపోతే తెలియదనాలి. లేదా నోరు మూసుకుని కూర్చోవాలి," అని దులిపేసింది మీటరమ్మ.

"అలాగేనమ్మా," అని దిగి, ఎదురుగా బయల్దేరుతున్న పడవ ఎక్కేశాడాయన.

"తిక్క మనిషి," అంది ఆవిడ. "తిరుగు ప్రయాణంలో అటువైపు కూర్చుందామండీ. ఆ గట్టు సరిగ్గా చూడనే లేదు."

తాళ్ళు కడుతున్న పడవ మనిషి నవ్వాడు.

"ఎవర్నండీ, మా పాత కెప్టెన్‌గారినేనా? ఈ పడవ నడిపీ నడిపీ ఆయనకి ఈ గట్టు మీద తెలియని ఇటుక లేదు."

మీటరమ్మ మొహం చిన్నబోయింది. "అయ్యో, నానా మాటలూ అన్నాను," అంటూ అటు తిరిగింది. ఆ పడవ అప్పటికే నది మధ్యకు పోయింది.

"మరి తెలిసీ అన్ని తప్పులు ఎందుకు చెప్పారు?" అన్నాడు భర్త.

"భయపడేవాళ్ళ దగ్గరే అలా చెప్తారండీ," అన్నాడు పడవ మనిషి. "'నాతో పోట్లాటకి దిగారంటే ఇక చేతులు రెయిలింగు మీద ఉండవురా' అంటారు."